నీళ్లు తగిలితే మండే వాయువు వదిలే కెమికల్స్: టెస్టు, క్లాసు, లేబుల్ గురించి చెన్నైలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుమ్మిడిపూండి సిప్‌కాట్ నుంచి మణలి, అంబత్తూరు దాకా ఏ కెమికల్ యూనిట్‌కి వెళ్లినా స్టోర్స్‌లోనో క్వాలిటీ ల్యాబ్‌లోనో ఒక నెల్లూరు గొంతు, ఒక శ్రీకాకుళం గొంతు వినబడుతుంది. చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు కెమికల్ డీలర్లలోనూ మనవాళ్లు ఉన్నారు. టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి వాళ్లంతా ఫోన్లో అడిగే సందేహాలు దాదాపు ఇవే. ప్రతిసారీ చెప్పే జవాబుల్నే ఇక్కడ రాసి పెడుతున్నాను.

నీళ్లతో రియాక్ట్ అయ్యే ప్రతి కెమికల్ క్లాస్ 4.3 కిందికి వస్తుందా?

రాదు. క్లాస్ 4.3 అంటే ప్రమాదకర సరుకుల రవాణా నియమాల్లో, నీళ్లు తగిలితే మండే వాయువు వదిలే పదార్థాల క్లాసు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కాల్చిన పొడి సున్నం (క్విక్‌లైమ్) మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి వేడెక్కుతుంది. థయోనిల్ క్లోరైడ్ మీద పోస్తే ఘాటు పొగ ఎగజిమ్మి మనిషి నిలబడలేడు. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ సంగతీ అంతే. అయినా ఇవేవీ 4.3 కావు. వీటి నుంచి వచ్చేది ఆవిరి, హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి. ప్రాణానికి ముప్పే, కానీ మండవు. థయోనిల్ క్లోరైడ్, పెంటాక్లోరైడ్ తినివేసే పదార్థాలుగా క్లాస్ 8లో ఉంటాయి.

4.3లో చేర్చడానికి చూసేవి రెండే: నీళ్లు తగిలినప్పుడు వచ్చే వాయువు దానంతట అదే అంటుకుంటోందా, లేకపోతే ఆ మండే వాయువు గంటకు ఎంత వస్తోంది. రియాక్షన్ ఎంత ఆర్భాటంగా ఉందన్నది లెక్కలోకి రాదు. చూడ్డానికి చడీచప్పుడు లేకుండా బుడగలు వదిలే బూడిదరంగు పొడి 4.3 కావచ్చు, భగ్గున పొంగేది కాకపోవచ్చు.

ఆ టెస్టు పేరేమిటి? ఎవరు పెట్టిన పద్ధతి?

ఐక్యరాజ్యసమితి వాళ్ల టెస్టులు, ప్రమాణాల మాన్యువల్‌లో మూడో భాగం, 33వ సెక్షన్‌లో ఉంటుంది. పేరు ఎన్.5. ఓడ, విమానం, రోడ్డు, రైలు అన్నింటి నియమాలకూ మూలం ఇదే. యూరప్‌కి పంపేవాళ్లు ఏ.12 అనే పేరు వింటారు. అది యూరోపియన్ యూనియన్ పద్ధతి, కొలిచే విషయం దాదాపు ఇదే.

టెస్టులో అసలు ఏం చేస్తారు?

నాలుగు మెట్లు. చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తాం. ఏ మెట్టులో వాయువు దానంతట అదే అంటుకున్నా అక్కడితో ఆపేస్తాం, పై మెట్లు అక్కర్లేదు.

మొదటిది: 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్ ఉన్న తొట్టిలో 2 మిల్లీమీటర్లంత నలుసు వేస్తాం. బుడగలు వస్తున్నాయా, అంటుకుంటోందా అని చూస్తాం.

రెండోది: సుమారు 100 మిల్లీమీటర్ల వెడల్పున్న పింగాణీ గిన్నెలో అంతే వెచ్చని నీళ్లు పోసి, వాటి మీద ఫిల్టర్ పేపర్ తేల్చి, నడిమధ్య అదే సైజు నలుసు పెడతాం. చూసేవాళ్లకి ఈ కాగితం ఎందుకో అర్థం కాదు. మొదటి మెట్టులో సోడియం ముక్క నీళ్ల మీద గిరగిరా తిరుగుతూ వేడిని నీళ్లకే ఇచ్చేస్తుంది. కాగితం మీద కదలకుండా ఉంటే వేడి ఒకేచోట పోగవుతుంది, వాయువు అంటుకునే అవకాశం ఎక్కువ. మొదటి మెట్టులో అంటుకోనిది రెండోదాంట్లో అంటుకోవచ్చు.

మూడోది: పొడిని 20 మిల్లీమీటర్ల ఎత్తు, 30 మిల్లీమీటర్ల వెడల్పు కుప్పగా పోసి, పైన చిన్న గుంట చేసి, అందులో నాలుగైదు చుక్కల నీళ్లు వేస్తాం. తడిసింది కొంచెం, చుట్టూ ఎండుగా ఉన్నది ఎక్కువ. గోదాములో బస్తా మీద పైకప్పు నుంచి చుక్కలు పడితే జరిగేదీ ఇదే. నాకైతే నాలుగింటిలో నిజజీవితానికి దగ్గరిది ఈ మెట్టే.

నాలుగోది కొలత. కోనికల్ ఫ్లాస్క్‌లో శాంపిల్, పైన డ్రాపింగ్ ఫన్నెల్‌లో నీళ్లు, పక్కన వాయువు కొలిచే గొట్టం. మొత్తమ్మీద 100 నుంచి 250 మిల్లీలీటర్ల వాయువు వచ్చేటంత శాంపిల్ తీసుకుంటాం, ఎంతైనా 25 గ్రాములు దాటకూడదు. ఫన్నెల్ కుళాయి తిప్పగానే స్టాప్‌వాచ్ మొదలు. 7 గంటలపాటు గంటగంటకూ రీడింగ్. 7 గంటలయ్యాక కూడా వేగం పెరుగుతూనో అటూఇటూ ఊగుతూనో ఉంటే 5 రోజుల దాకా పొడిగించాలి. ఇదంతా మూడుసార్లు. వచ్చే వాయువు ఏమిటో తెలియకపోతే అది మండుతుందో లేదో కూడా పరీక్షించాలి.

వినడానికి తేలిగ్గానే ఉంది. మా ల్యాబ్‌లో మేమే చేసుకోకూడదా?

కొలత అంత తేలిక కాదు. రెండు చిక్కులు చెబుతాను.

ఒకటి, ఫన్నెల్ నుంచి 50 మిల్లీలీటర్ల నీళ్లు దిగితే ఫ్లాస్క్‌లోంచి 50 మిల్లీలీటర్ల గాలి బయటికి నెట్టబడుతుంది. రియాక్షన్ ఏమీ లేకపోయినా గొట్టంలో 50 కనబడుతుంది. ఒత్తిడి సమం చేసే ఫన్నెల్ వాడాలి, లేదా శాంపిల్ లేకుండా ఒకసారి నడిపి ఆ అంకె తీసేయాలి.

రెండు, గది వేడి. ఫ్లాస్క్‌లో పావు లీటరు గాలి ఉందనుకోండి. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగిపోయి గది 10 డిగ్రీలు వేడెక్కితే ఆ గాలి ఒక్కటే 8 మిల్లీలీటర్ల పైన వ్యాకోచిస్తుంది. 25 గ్రాముల శాంపిల్‌కి గంటకు 25 మిల్లీలీటర్లు హద్దు అయినప్పుడు 8 అంటే మూడోవంతు. మే నెల చెన్నైలో ఏసీ లేని గదిలో తీసిన ఎన్.5 రీడింగుని నేను నమ్మను.

వీటికి తోడు భద్రత. వచ్చేది హైడ్రోజన్ అయితే గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా మండుతుంది, అంటుకోవడానికి కావలసిన నిప్పురవ్వ కంటికి కూడా కనబడదు. ఫాస్ఫైడ్ అయితే ఫాస్ఫీన్ వస్తుంది, అది పీలిస్తే ప్రాణాలకే ప్రమాదం. ఫ్యూమ్ హుడ్, షీల్డు, శిక్షణ ఉన్న మనిషి లేకుండా ఈ పనికి దిగొద్దు. ‘బకెట్లో వేసి చూశాం సార్, ఏమీ కాలేదు’ అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బకెట్ నీళ్లు వేడిని మింగేస్తాయి, వాయువు గాలిలో కలిసిపోతుంది. దాంతో తేలేదేమీ లేదు.

అంకెలు వచ్చాక క్లాసు ఎలా తేలుస్తారు?

ముందు ఒక సదుపాయం: గ్రాముకి ఇన్ని మిల్లీలీటర్లు అన్నా, కిలోకి ఇన్ని లీటర్లు అన్నా అంకె ఒకటే. వచ్చిన మిల్లీలీటర్లని గ్రాములతో భాగిస్తే చాలు.

ఏ మెట్టులోనైనా వాయువు దానంతట అదే అంటుకుంటే 4.3. అంటుకోకపోయినా మండే వాయువు కిలోకి గంటకు 1 లీటరు దాటితే 4.3. ఇక ప్యాకింగ్ గ్రూపులు, అంటే ప్రమాదం ఎంత తీవ్రమో చెప్పేవి; 1 అంటే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం. నీళ్లతో తీవ్రంగా రియాక్ట్ అయి వాయువు దానంతట అది అంటుకునే గుణం చూపితే, లేదా ఏ ఒక్క నిమిషంలోనైనా కిలోకి 10 లీటర్లు అంతకంటే ఎక్కువ వస్తే గ్రూప్ 1. గంటకు 20 లీటర్లు లేదా పైన అయితే గ్రూప్ 2. 1 లీటరు దాటి 20 లోపైతే గ్రూప్ 3.

ఉదాహరణకి ఒక జింక్ బూడిద, 25 గ్రాములు తీసుకున్నాం అనుకుందాం. ఏడు గంటల్లో వరసగా 12, 20, 31, 29, 22, 15, 11 మిల్లీలీటర్లు వచ్చాయి. మొత్తం 140. సగటు గంటకు 20, అంటే కిలోకి 0.8 లీటరు. ‘ఒకటి దాటలేదు కదా సార్, నాన్-హాజ్ (ప్రమాదకరం కాదన్న కాగితం) ఇచ్చేయండి’ అంటారు పార్టీ వాళ్లు. కుదరదు. చూడాల్సింది సగటు కాదు, గరిష్ఠం. మూడో గంటలో 31 వచ్చింది, 25తో భాగిస్తే 1.24. సరుకు 4.3, గ్రూప్ 3. చివర్లో వేగం తగ్గుతూ పోయింది కాబట్టి 5 రోజులు పొడిగించనక్కర్లేదు.

ఇంకో ఉచ్చు నిమిషం లెక్క. 1 గ్రాము శాంపిల్ మొదటి నిమిషంలోనే 15 మిల్లీలీటర్లు వదిలేసి ఆగిపోయింది. గంట రీడింగ్ మాత్రమే తీసినవాడు కిలోకి గంటకు 15 లీటర్లు, గ్రూప్ 3 అని రాస్తాడు. నిమిషం రీడింగ్ తీసినవాడు గ్రూప్ 1 అని రాస్తాడు. రెండోవాడిదే సరి. నీళ్లు తగిలిన తొలి క్షణాల్లోనే దూకుడు చూపించే వాటికి గడియారం గంటల్లో పెట్టుకు కూర్చుంటే లాభం లేదు. సోడియమే చూడండి: కిలో మొత్తం కరిగినా వచ్చే హైడ్రోజన్ 20 డిగ్రీల దగ్గర సుమారు 520 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల లెక్కన పోతే గంట నిండకముందే సరుకు అయిపోతుంది. నిమిషం కొలత పెట్టింది ఇలాంటి వాటి కోసమే.

ఎంత శాంపిల్ తూచాలో ముందే ఎలా తెలుస్తుంది?

రసాయన సమీకరణం నుంచి. స్వచ్ఛమైన కాల్షియం కార్బైడ్ గ్రాముకి సుమారు 375 మిల్లీలీటర్ల ఎసిటిలీన్ ఇస్తుంది. అర గ్రాము తీసుకుంటే దాదాపు 190, అంటే 100కీ 250కీ మధ్యలో. పైగా ఎసిటిలీన్ నీళ్లలో బాగానే కరుగుతుంది, ఆ నష్టాన్ని కూడా చూసుకోవాలి. శాంపిల్‌లో ఏముందో తెలియనప్పుడు మాత్రం చాలా తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాం.

మా ప్రాడక్ట్‌లో లోహమే లేదు. అయినా ఈ టెస్టు చేయించాలా?

అక్కర్లేదు. అణువులో లోహం గానీ, సిలికాన్, బోరాన్ లాంటి అర్ధలోహం గానీ లేకపోతే జీహెచ్ఎస్ (కెమికల్స్ వర్గీకరణకీ లేబుళ్లకీ ఐక్యరాజ్యసమితి పెట్టిన ఉమ్మడి పద్ధతి) ప్రకారం ఎన్.5 మినహాయింపే. తయారీలోనే నీళ్లు వాడి, చివర్లో నీళ్లతో కడిగే సరుకైనా అంతే. నీళ్లలో కరిగి స్థిరంగా ఉంటుందని తెలిసినా అంతే. కాకపోతే ఆ కారణం ఎస్‌డీఎస్‌లో (సరుకుతో పాటు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో) ఒక్క వాక్యం రాయండి. ‘పరీక్షించలేదు’ అని వదిలేస్తే చదివేవాడికి అనుమానమే మిగులుతుంది.

సోడియం, లిథియం లాంటివి కూడా టెస్టు చేయాలా?

వద్దు. పేరుతోనే, ఒక్కోదానికి ఒక యూఎన్ నంబర్‌తో, ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో ఉన్నాయి. సోడియం యూఎన్ 1428, లిథియం 1415, సోడియం హైడ్రైడ్ 1427, సోడియం బోరోహైడ్రైడ్ 1426, అన్నీ గ్రూప్ 1. కాల్షియం కార్బైడ్ 1402 మాత్రం గ్రూప్ 1 లేదా 2, అల్యూమినియం పౌడర్ కోటింగ్ లేనిది 1396 గ్రూప్ 2 లేదా 3. ఇలా రెండు గ్రూపులున్న చోట మీ సరుకు ఏ గ్రూపో తేల్చడానికి టెస్టు కావాల్సి వస్తుంది.

క్లాస్ 4.3, ప్యాకింగ్ గ్రూప్, జీహెచ్ఎస్ కేటగిరీ, ఇవన్నీ ఒకటేనా?

టెస్టు ఒకటే, వాడే చోటు వేరు. రవాణాకి క్లాసు, గ్రూపు. పనిచేసే చోట లేబుల్‌కీ ఎస్‌డీఎస్‌కీ జీహెచ్ఎస్ కేటగిరీ. హద్దుల అంకెలు కలుస్తాయి కాబట్టి గ్రూప్ 1 అంటే కేటగిరీ 1, అలా 3 దాకా. కేటగిరీ 1కి లేబుల్ మీద రాసే ప్రమాద వాక్యం హెచ్260, అంటే నీళ్లు తగిలితే వచ్చే మండే వాయువు దానంతట అది అంటుకోవచ్చు అని. 2కీ 3కీ హెచ్261. మొదటి రెండింటికీ సంకేత పదం ‘డేంజర్’, మూడోదానికి ‘వార్నింగ్’.

బొమ్మలు మాత్రం కలపకండి. డబ్బా మీద జీహెచ్ఎస్ బొమ్మ ఎర్ర అంచు, తెల్ల నేల, నల్ల మంట. లారీ మీదా కంటైనర్ మీదా 4.3 ప్లకార్డు నీలిరంగు. క్లాస్ 3 (మండే ద్రవాల) ఎర్ర ప్లకార్డు అంటించి పంపిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఫైర్ వాళ్లు నురుగు పట్టుకొస్తారు.

పౌడర్‌కీ గడ్డకీ ఒకే రిజల్ట్ వస్తుందా?

రాదు. గ్రాము ఒకటే అయినా పొడి చేస్తే నీళ్లు తాకే పైభాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే మాన్యువల్‌లో ఒక నియమం ఉంది: ప్యాకెట్‌లో 500 మైక్రాన్ల కంటే సన్నటి పొడి బరువులో 1 శాతం దాటినా, సరుకు చేత్తో నలిపితే పొడయ్యే రకమైనా, శాంపిల్ మొత్తాన్నీ నూరి పరీక్షించాలి. రవాణాలో అరిగి పొడవుతుందన్న లెక్క.

ఇక్కడ పార్టీలు చేసే తెలివైన పని ఒకటుంది. డ్రమ్ము పైనుంచి నిగనిగలాడే ముక్కలు ఏరి పంపిస్తారు. సన్నటి పొడంతా అడుగుకి దిగి ఉంటుంది. ఆ అడుగు పొడే కదా తడిస్తే ముందు లేచేది! శాంపిల్ తీసేటప్పుడు పైన, మధ్య, అడుగు మూడు చోట్లా తీసి కలపండి. 500 మైక్రాన్ల జల్లెడ పట్టి ఎంత శాతం దిగిందో కాగితం మీద రాసి పంపితే ఇంకా మంచిది.

గుమ్మిడిపూండిలో మాది అల్యూమినియం కరిగించే యూనిట్. డ్రాస్ (కరిగిన లోహం మీద తేలే తెట్టు) వ్యర్థమే కదా, దానికి క్లాసు ఎందుకు?

వాన పడ్డ రోజు మీ డ్రాస్ కుప్ప పక్కన నిలబడితే ముక్కు పుటాలు అదిరే అమ్మోనియా వాసన వస్తుంది కదా, అదే జవాబు. డ్రాస్‌లో అల్యూమినియం లోహం కొంత, నైట్రైడ్ కొంత, కార్బైడ్ కొంత ఉంటాయి. నీళ్లు తగిలితే లోహం నుంచి హైడ్రోజన్, నైట్రైడ్ నుంచి అమ్మోనియా, కార్బైడ్ నుంచి మీథేన్. యూఎన్ 3170 కింద దీనికి సొంత పేరే ఉంది, గ్రూప్ 2 లేదా 3.

పరీక్ష కోణంలో నాకు బాగా ఆసక్తి కలిగించేది డ్రాసే. సోడియం ఎప్పుడూ సోడియమే. డ్రాస్ మాత్రం కొలిమికో రకం, రోజుకో రకం. వేడివేడిగా తీసి గాలికి ఆరబోసింది, టార్పాలిన్ కింద కప్పినది, ఇప్పటికే రెండు వానలకు తడిసింది, మూడూ మూడు అంకెలు ఇస్తాయి. పాతబడి తడిసినది తక్కువ ఇస్తుంది, ఎందుకంటే దాని వాయువు అప్పటికే యార్డులో వెళ్లిపోయింది. అలాంటి శాంపిల్ తెచ్చి రిపోర్టు తీసుకుని, మర్నాడు తాజా డ్రాస్‌ని మూసిన కంటైనర్‌లో నింపి పంపిస్తే ఆ రిపోర్టు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. మూతపెట్టిన పెట్టెలో హైడ్రోజన్ పోగవుతుంది, తలుపు తీసేవాడికి తెలియదు. లోడింగ్‌కి ముందు కుప్ప పూర్తిగా చల్లారిందో లేదో, పొడిగా ఉందో లేదో చూసుకోండి. కంటైనర్‌లో గాలి ఆడే ఏర్పాటు షిప్పింగ్ లైన్‌తో ముందే మాట్లాడండి.

నీళ్ల టెస్టు ఒక్కటి చేయిస్తే మండే గుణం మొత్తం తేలిపోయినట్టేనా?

కాదు. నిజానికి ఎన్.5 మొదటి టెస్టే కాకూడదు. ముందు గాలికే అంటుకుంటుందా చూడాలి. ఘనపదార్థమైతే ఎన్.2: 1, 2 మిల్లీలీటర్ల పొడిని సుమారు 1 మీటరు ఎత్తు నుంచి పోసి, 5 నిమిషాల్లో అంటుకుంటుందా అని చూస్తారు. ద్రవమైతే ఎన్.3. బ్యూటైల్ లిథియం ద్రావణం లాంటివి గాలికీ అంటుకుంటాయి, నీళ్లకీ రియాక్ట్ అవుతాయి. గాలికే అంటుకునే గుణానిదే పైచేయి, అది 4.2గా వెళ్తుంది, 4.3 తోడు ప్రమాదంగా ఉంటుంది. జింక్ పౌడర్ దీనికి తిరగేసి: 4.3 ముఖ్యం, 4.2 తోడు.

లోహపు పొడులకి ఎన్.1 కూడా ఉంది. 250 మిల్లీమీటర్ల పొడవు గీతగా పోసి ఒక కొస ముట్టించి మంట ఎంత వేగంగా పాకుతుందో చూస్తారు. మామూలు పొడులకి ఆ గీతలో ఒకచోట తడిచేసి మంట ఆగుతుందా అని కూడా చూస్తారు. నీళ్లతో రియాక్ట్ అయ్యేవాటికి ఆ తడిచేసే పని పెట్టుకోరని వేరే చెప్పనక్కర్లేదు.

ద్రవాలైతే ఫ్లాష్ పాయింట్. ట్రైక్లోరోసిలేన్ దీనికి సరైన ఉదాహరణ. సుమారు 32 డిగ్రీలకే మరుగుతుంది. మన ఊరి ఎండలో డ్రమ్ము మూత తీస్తే ద్రవం కాదు, ఆవిరే. అది 4.3 ముఖ్యంగా, 3, 8 తోడుగా వెళ్తుంది, మూడు లేబుళ్లూ పడతాయి. అదే కుటుంబంలోని ట్రైమిథైల్‌క్లోరోసిలేన్‌కి సిలికాన్‌తో కలిసిన హైడ్రోజన్ లేదు. నీళ్లు తగిలితే వచ్చేది హైడ్రోజన్ క్లోరైడే. అందుకని అది క్లాస్ 3, తోడుగా 8. పేర్లు ఒకేలా వినబడుతున్నాయని పాత ఎస్‌డీఎస్ కాపీ కొట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. వీటి ఫ్లాష్ పాయింట్ తీసేటప్పుడు 2 మిల్లీలీటర్లతో పనయ్యే మూసిన కప్పు పరికరం మేలు. కప్పు పూర్తిగా ఆరి ఉండాలి. ఏమాత్రం చెమ్మ ఉన్నా ఆమ్లం పుట్టి పరికరాన్ని తినేస్తుంది, అంకె కూడా తప్పు వస్తుంది.

దుమ్ము పేలుడు పరీక్షలు వేరే పద్దు. రవాణా క్లాసుకి వాటితో సంబంధం లేదు.

వానాకాలంలో తీసిన రిజల్ట్ తేడాగా వస్తుందా?

శాంపిల్ డబ్బా మూత సరిగా లేకపోతే వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ గాలే సగం నీళ్లు. సన్నటి లోహపు పొడి ఆ చెమ్మ పీల్చి పైన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది, తర్వాత టెస్టులో బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. తప్పు ఎప్పుడూ ప్రమాదం తక్కువని చూపించే వైపే జరుగుతుంది, అదే టెన్షన్. ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్స్‌లో తూచి, ఫ్లాస్క్ మూతేసి బయటికి తేవడం సరైన పద్ధతి. లిథియానికి నైట్రోజన్ పనికిరాదు, దానితోనూ కలుస్తుంది. ఆర్గానే వాడాలి.

శాంపిల్ ఎంత పంపాలి, ఎలా పంపాలి?

25 గ్రాముల చొప్పున మూడుసార్లు, ముందు మెట్లకీ జల్లెడకీ ఇంకొంచెం. 100 గ్రాములకి తగ్గకుండా పంపితే మళ్లీ అడిగే పని ఉండదు. తెలిసిన ప్రమాదకర సరుకైతే ముందు ల్యాబ్‌కి ఫోన్ చేసి మాట్లాడండి. మామూలు కొరియర్‌లో ‘పౌడర్ శాంపిల్’ అని రాసి పంపడం నేరం, పైగా ఆ కొరియర్ కుర్రాడు వానలో బైకు మీద వస్తాడు. డబ్బా మీద ఉత్పత్తి తేదీ, లాట్ నంబర్, డబ్బా ఎప్పుడు తెరిచారో రాయండి.

షిప్పింగ్ లైన్ నాన్-హాజ్ సర్టిఫికెట్ అడుగుతోంది. ఒక కన్సల్టెంట్ టెస్టు లేకుండా ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

తీసుకోవద్దు. నా టేబుల్ మీదికి అలాంటి కాగితం ఒకటి వచ్చింది. మెగ్నీషియం ఉన్న పొడికి ‘నీటితో ప్రమాదం లేదు’ అని రాసి ముద్ర వేసి ఉంది. ఏ పద్ధతి, ఎన్ని గ్రాములు, గంటకు ఎంత అన్నది ఒక్క అంకె లేదు. దాన్ని ఇచ్చినవాడు ఓడెక్కడు కదా.

రిపోర్టులో చూడాల్సినవి: పద్ధతి పేరు ఎన్.5 అని ఉందా, నాలుగు మెట్ల ఫలితాలూ విడివిడిగా ఉన్నాయా, కణాల సైజు రాశారా, నూరారా లేదా, గంటగంట రీడింగులు ఉన్నాయా, వాయువు ఏమిటో చెప్పారా. ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే ఆ పరిధిలో ఈ టెస్టు ఉందో లేదో కూడా చూడండి. గుర్తింపు నీళ్ల నాణ్యత పరీక్షలకి ఉండి, లెటర్‌హెడ్ మాత్రం అన్నిటికీ వాడుకునేవాళ్లున్నారు. యూరప్‌లో రిజిస్ట్రేషన్ కోసమైతే జీఎల్‌పీ (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్) ప్రమాణం పాటించే ల్యాబ్ అడుగుతారు. మన దేశం 2011 నుంచి ఓఈసీడీ పరస్పర ఆమోద వ్యవస్థలో పూర్తి సభ్యురాలు, కాబట్టి ఇక్కడి జీఎల్‌పీ డేటా అక్కడ చెల్లుతుంది.

కోయంబేడు మార్కెట్‌లో మామిడికాయలకి పెట్టే కార్బైడ్, ఇదీ ఒకటేనా?

అదే కాల్షియం కార్బైడ్. కాయల చెమ్మ తగిలి ఎసిటిలీన్ వస్తుంది, కాయ రంగు తిరుగుతుంది. పండ్లు మగ్గబెట్టడానికి దాన్ని వాడటం 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయన్నది ఒక కారణం. మన చిత్తూరు, నెల్లూరు కాయలు ఇక్కడికే వస్తాయి కాబట్టి చెబుతున్నాను: కాయల గదిలో కార్బైడ్ పొట్లాలు, పైన బల్బు, స్విచ్చు. ఎసిటిలీన్ గాలిలో 2.5 శాతం ఉంటే చాలు మండటానికి. నిల్వకి వేరే 1987 కాల్షియం కార్బైడ్ రూల్స్ ఉన్నాయి, చూసేది పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ.

మణలిలో పట్టుకున్న అమ్మోనియం నైట్రేట్ కూడా ఈ రకమేనా?

కాదు. అది ఆక్సిడైజర్, క్లాస్ 5.1. 2020 ఆగస్టులో బేరూత్ పేలుడు తర్వాత మణలి కంటైనర్ యార్డులో ఉన్న దాదాపు 700 టన్నులని హైదరాబాద్‌కి తరలించారు. నీళ్లు తగిలితే చల్లబడుతుందే తప్ప మండే వాయువేమీ రాదు.

గోదాములో 4.3 సరుకు అంటుకుంటే ఏం చేయాలి?

మనుషుల్ని బయటికి పంపి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, మొదటి మాటగా ‘నీళ్లు వాడకూడని సరుకు’ అని యూఎన్ నంబర్‌తో సహా చెప్పండి. నీళ్లు, నురుగు, కార్బన్ డయాక్సైడ్ ఏవీ సోడియం మంటకి పనికిరావు. మామూలు ఏబీసీ సిలిండర్ కూడా వద్దు. లోహపు మంటల కోసం క్లాస్ డి పొడి, లేదా ఎండిన సోడా యాష్, పొడి ఇసుక. లిథియానికి ఇసుక కూడా వద్దు, గ్రాఫైట్ పొడి కావాలి. ఇసుక బకెట్లు ఆరుబయట పెడితే డిసెంబరులో అది తడి ఇసుక. దానికి మూతలుండాలి.

ట్యాంకర్ వెనుక ఎమర్జెన్సీ ప్యానెల్‌లో హాజ్‌కెమ్ కోడ్ (మంట దేనితో ఆర్పాలో ఫైర్ వాళ్లకి చెప్పే కోడ్) 4తో మొదలైతే పొడి పదార్థంతోనే ఆర్పాలని అర్థం. గోదాము బోర్డు తెలుగులో రాసి తృప్తిపడకండి. తమిళం, హిందీ, ఇంగ్లిషు ముఖ్యం. రాత్రి షిఫ్టులో పైపు పట్టుకునేది బిహార్, ఒడిశా కుర్రాళ్లు.

వరద నీళ్లు లోపలికొస్తే?

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి అంబత్తూరు పారిశ్రామిక వాడలో నీళ్లు నిలిచాయి. కాబట్టి ఇది ఊహించి భయపడే సంగతేం కాదు. 4.3 సరుకు నేల మీద ఉంచొద్దు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో వాచ్‌మన్‌ని అడిగి ఆ గీతకి పైన ర్యాక్ వేయండి. స్ప్రింక్లర్ ఉన్న గదిలో పెట్టొద్దు, ఏసీ నీళ్ల పైపు కింద అసలే వద్దు. తుపాను హెచ్చరిక రాగానే నిల్వ తగ్గించడం అన్నిటికన్నా చవక.

మా కాలేజీ ల్యాబ్‌లో సోడియం ఫ్యూజన్ టెస్టుకి తెచ్చిన సోడియం ముక్కలు మిగిలాయి. సింకులో వేయొచ్చా?

వేయొద్దు. ఫిల్టర్ పేపర్ మీద ఒత్తిన ముక్కలు, ఆ కాగితాలు కూడా చెత్తబుట్టలో వేయొద్దు. చెత్తబుట్టలు అంటుకునేది వాటివల్లే. కొంచెమైతే చిన్నచిన్న ముక్కలుగా ఫ్యూమ్ హుడ్‌లో, దగ్గర మంట లేకుండా, ఐసోప్రొపనాల్‌లో ఒక్కొక్కటిగా వేసి బుడగలు పూర్తిగా ఆగేదాకా ఆగాలి. లెక్చరర్ పక్కన ఉండాలి. తెల్లగా పెచ్చు కట్టిన పాత పొటాషియం దొరికితే మాత్రం కోయొద్దు, కదపొద్దు. పసుపు నారింజ పెచ్చు ఉంటే అందులో సూపరాక్సైడ్ ఉండొచ్చు, కత్తి తగిలితే పేలుతుంది. ప్రమాదకర వ్యర్థాల సంస్థని పిలవండి.

ఒకసారి చేయించిన రిపోర్టు ఎన్నాళ్లు చెల్లుతుంది?

మాన్యువల్‌లో గడువు తేదీ ఏమీ లేదు. సరుకు అదే ఉన్నంతకాలం చెల్లుతుంది. కానీ సప్లయర్ మారినా, కణాల సైజు తగ్గించినా, పొడి మీద వేసే స్టియరిక్ యాసిడ్ పూత మానేసినా, నూనె శాతం తగ్గించినా అది కొత్త సరుకే, మళ్లీ చేయించాలి. ధర తగ్గిందని కొత్త సప్లయర్ నుంచి కొన్న అల్యూమినియం పౌడర్‌కి పాత రిపోర్టు జతచేసి పంపడం మన మార్కెట్లో మామూలైపోయింది. కొత్త లాట్ రాగానే జల్లెడ అంకెనీ పూత వివరాన్నీ పాత రిపోర్టుతో పోల్చి చూడండి. రెండిట్లో ఏది కలవకపోయినా లోడింగ్ ఆపి శాంపిల్ తీయించండి.